అమ్మేదాకా ‘పర్లేదు మేడం’, అమ్మాక ‘మాకు సంబంధం లేదు’: షోరూము మీద కేసు నిలుస్తుందా?

సందేహం: మాది తెనాలి. గవర్నమెంటు స్కూల్లో టీచర్‌ని. దసరా ఆఫర్లలో విజయవాడలోని ఒక పెద్ద షోరూములో ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్ కొన్నాను. ధర 34,990 రూపాయలు. మా ట్యాంకు స్టాండు లేకుండా డాబా మీదే కూర్చుంది, కుళాయిలో నీళ్లు సన్నగా వస్తాయి. ఆ మాట సేల్స్ అబ్బాయికి ముందే చెప్పాను. ట్యాంకు ఫొటో వాట్సాప్‌లో పంపితే ‘పర్లేదు మేడం, ఆడుతుంది’ అని రాశాడు. బిగించిన రోజు నుంచే నీళ్లు ఎక్కక మధ్యలో ఆగిపోతోంది. కంపెనీ మెకానిక్ చూసి, మెషిన్‌లో లోపం లేదు, ప్రెషర్ చాలదు, పంపు పెట్టించుకోండి అని కాగితం రాసిచ్చి వెళ్లాడు. షోరూముకి మూడుసార్లు తిరిగాను. ఆ అబ్బాయి మానేశాడట. కౌంటర్లో అమ్మాయి తలెత్తకుండానే ‘కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయండి’ అంది. మేనేజరైతే ‘టీచరంటున్నారు, మాన్యువల్ చదువుకోవాలి కదండీ’ అన్నాడు, పదిమందిలో. బిల్లు కింద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని ఉంది. నేను అడగని ఎక్స్‌టెండెడ్ వారంటీకి 2,999 రూపాయలు కూడా అందులో కలిపేశారు. మూడు వారాలైంది. కేసు వేయొచ్చా? ఆ దురుసుతనానికి శిక్ష లేదా? ఇంత చిన్న విషయానికి లాయర్‌ని పెట్టుకోవాలా?

సమాధానం: మీరడిగిన దురుసుతనం సంగతి ముందు చెప్పేస్తాను, ఎందుకంటే నా దగ్గరకు వచ్చేవాళ్లలో సగం మంది కోపం అక్కడే ఉంటుంది. షాపువాడు మొహం చిట్లించుకున్నాడనో, వెటకారంగా మాట్లాడాడనో మాత్రమే కన్జ్యూమర్ కోర్టుకెళితే కేసు నిలవదు. కొనేవాళ్లతో నవ్వుతూ మాట్లాడాలని ఏ చట్టంలోనూ లేదు. బూతులు తిట్టడం, బయటికి పోనీయకుండా ఆపేయడం అయితే అది పోలీసుల దగ్గర తేలే వ్యవహారం. మీ విషయం అంతదూరం పోలేదు. మేనేజరు మాటను ఫిర్యాదులో ఒక్క వాక్యంగా రాయండి, చాలు. మానసిక వేదనకు పరిహారం అడిగేటప్పుడు అది పనికొస్తుంది.

అసలు కేసు వేరే చోట ఉంది. మీకు అన్యాయం జరిగింది మూడోసారి షోరూముకి వెళ్లినప్పుడు కాదు, కొనకముందే. మీరు మీ ఇంటి పరిస్థితి చెప్పి అడిగారు, అవతలివాడు తెలిసో తెలియకో ‘ఆడుతుంది’ అన్నాడు. మెకానిక్ ఏమో మెషిన్ బాగానే ఉందంటున్నాడు. అంటే మీకు అమ్మింది పాడైన సరుకు కాదు, మీ ఇంటికి పనికిరాని సరుకు. ఈ తేడా పట్టుకోకుండా ‘లోపమున్న మెషిన్ అంటగట్టారు’ అని నోటీసు రాస్తే, మెకానిక్ కాగితం చూపించి ఒక్క వాయిదాలో మీ కేసుని కొట్టేయిస్తారు.

దీనికి ఆధారం తొంభై ఏళ్లు దాటిన పాత చట్టంలో ఉంది. సరుకుల విక్రయ చట్టం, 1930, సెక్షన్ 16. మామూలుగా సరుకు చూసుకుని కొనుక్కునే బాధ్యత కొనేవాడిదే. అయితే కొనేవాడు తన అవసరం ఫలానా అని చెప్పి, అమ్మేవాడి అనుభవం మీద ఆధారపడి కొన్నప్పుడు, ఆ సరుకు ఆ అవసరానికి తగినదై ఉండాలన్నది ఒప్పందంలో రాయకున్నా రాసినట్టే. మీరు పంపిన ట్యాంకు ఫొటో ‘అవసరం చెప్పడం’. అతను ఇచ్చిన జవాబు మీరు ఆధారపడిన మాట.

షోరూము లాయరు ఇక్కడ ఒక మెలిక పెడతాడు. ఫలానా కంపెనీ పేరు చెప్పి కొంటే ఈ రక్షణ వర్తించదని అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. దానికి జవాబు ఇంగ్లండ్‌లో 1925లోనే వచ్చింది. ఒకాయన డీలర్ దగ్గరకెళ్లి ఊళ్లు తిరగడానికి సుఖంగా ఉండే కారు కావాలన్నాడు, డీలరు బుగాటి కారు చూపించాడు, తీరా అది ఆ పనికి తగినది కాదు. కారుకి పేరున్న బ్రాండు ఉన్నంత మాత్రాన డీలరు తప్పించుకోలేడంది కోర్టు, ఎందుకంటే కొన్నవాడు నమ్మింది పేరుని కాదు, డీలరు మాటని. మన 1930 చట్టం అప్పటి ఇంగ్లండ్ సరుకుల విక్రయ చట్టాన్ని చూసి రాసుకున్నదే కాబట్టి ఇలాంటి వాదనల్లో ఈ పాత తీర్పులు ఇంకా పనిచేస్తాయి. బుగాటికి, వాషింగ్ మెషిన్‌కి పోలికేమిటంటారా? అడిగిన ప్రశ్న ఒక్కటే: నా పనికి ఇది సరిపోతుందా?

ఇక వినియోగదారుల రక్షణ చట్టం, 2019. ఇది 2020 జూలై నుంచి అమల్లోకి వచ్చి 1986 నాటి చట్టం స్థానం తీసుకుంది. ఇందులో సెక్షన్ 2(47) అనుచిత వ్యాపార పద్ధతులేవో చెబుతుంది. సరుకు ఉపయోగం గురించి తప్పుదోవ పట్టించే మాట రాతలోనే ఉండనక్కర్లేదు, నోటితో అన్నా చాలని అక్కడ స్పష్టంగా ఉంది. సెక్షన్ 2(11)లో సేవాలోపం అనే మాటకి కొత్తగా ఒకటి కలిపారు: చెప్పాల్సిన సమాచారాన్ని కావాలని దాచిపెట్టడం కూడా లోపమే. ఈ మెషిన్లకి నీటి ప్రెషర్ కనీసం ఎంతుండాలో మాన్యువల్లో రాసే ఉంటుంది. అమ్మేవాళ్లకి అది తెలియదంటే కమిషన్ (కన్జ్యూమర్ కోర్టుకి ఇప్పటి పేరు) నమ్మడం కష్టం.

‘ఆ అబ్బాయి మానేశాడు’ అనే జవాబు గురించి రెండు ముక్కలు. పెద్ద షోరూముల్లో మీకు ఎదురొచ్చే కుర్రాళ్లలో చాలామంది షోరూము ఉద్యోగులు కారు. ఒక్కో బ్రాండు తన సరుకు అమ్ముకోవడానికి పెట్టుకున్న ప్రమోటర్లు. జీతం బ్రాండుది, టార్గెట్ బ్రాండుది. అందుకే బిల్లు పడేదాకా మీ చుట్టూ తిరిగి, పడ్డాక కనపడరు. మా నాన్నగారి కాలంలో ఫ్యాను కొన్న కొట్లోనే దాన్ని విప్పి చూసే మనిషి ఉండేవాడు, ఇప్పుడు కొట్లో మిగిలింది బిల్లు కొట్టే మనిషి. ఇది చట్టం మార్చగలిగే సంగతి కాదనుకోండి. అయితే ‘అతను మా మనిషి కాదు’ అని షోరూము అనడానికి మాత్రం వీల్లేదు. తన గడప లోపల, తన సరుకు ముందు నిలబెట్టి, అతను తమ తరఫున మాట్లాడుతున్నాడని కొనేవాళ్లు అనుకునేలా చేస్తే, ఆ మాటకి యజమాని కట్టుబడాలని కాంట్రాక్టు చట్టం, 1872, సెక్షన్ 237 చెబుతుంది.

అలాగని ఆ కుర్రాడిని ప్రతివాదిగా చేర్చకండి. రోజంతా నిలబడి పనిచేసే మనుషులు వాళ్లు. కూర్చోవడానికి ఆసనం ఇవ్వాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో ప్రత్యేకంగా చట్టం మార్చాల్సి వచ్చిందంటేనే తెలుస్తుంది. మొదటి ప్రతివాది షోరూము, రెండో ప్రతివాది తయారీ కంపెనీ. కంపెనీని ఎందుకంటే, అది లేకపోతే షోరూము తప్పంతా అటు తోసేస్తుంది.

‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న ముద్ర చూసి బెదిరిపోకండి. లోపమున్న సరుకుని వెనక్కి తీసుకోకపోవడం, బిల్లులో చెప్పిన గడువులో, గడువేదీ చెప్పకపోతే 30 రోజుల్లో, డబ్బు తిరిగివ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతేనని 2019 చట్టం అంటోంది. మీది లోపమున్న సరుకు కోవలోకి నేరుగా రాదు కాబట్టి నేను ఈ 30 రోజుల మీదే బరువంతా పెట్టను. అయినా ఇంకా మూడు వారాలే అయింది కనుక ఆ గడువులోపే ఉత్తరం పడేయండి, ఊరికే వదులుకోవడం దేనికి.

వారంటీ డబ్బు సంగతి. దానికి మీరు సంతకం పెట్టారో లేదో బిల్లు కాగితాలన్నీ తిరగేసి చూడండి. పెట్టకపోతే ఆ 2,999 విడిగా అడగొచ్చు. ‘అది తీసుకుంటేనే ఆఫర్ ధర’ అన్నారా? అయితే ఒకటి కొనాలంటే ఇంకోటి కొనాలని పట్టుబట్టడం సెక్షన్ 2(41) కింద నిర్బంధ వ్యాపార పద్ధతి అవుతుంది. ఏమీ అనకుండా బిల్లులో దూర్చేసి, మీరు చూడకుండా కార్డు గీకి ఉంటే వాదన కొంచెం పలచబడుతుంది, నిజం చెప్పాలి.

ఇప్పుడు చేయాల్సిన పని. ఆ మెషిన్‌ని ఇక ఆడించకండి. వాడుతూనే ఉంటే, సరుకుని మీరు అంగీకరించినట్టే అని అవతలివాళ్లు అంటారు. వద్దనుకుంటున్నట్టు రాతపూర్వకంగా చెప్పండి. అలా చెబితే చాలు, ఆటో పెట్టి మీరే విజయవాడ మోసుకెళ్లాల్సిన పని లేదు. వాట్సాప్ సంభాషణ తుడవకండి, స్క్రీన్‌షాట్లు తీసినా ఆ ఫోను మాత్రం మార్చకండి. ఉత్తరం పెద్దగా అక్కర్లేదు. ఇలా రాయొచ్చు:

“ఫలానా తేదీన ఫలానా నంబరు బిల్లుతో మీ వద్ద వాషింగ్ మెషిన్ కొన్నాను. కొనేముందు మా ట్యాంకు ఎత్తు, నీటి ధార గురించి మీ సేల్స్ ప్రతినిధికి చెప్పి, ఫొటో పంపి అడగగా, ఆడుతుందని వాట్సాప్‌లో జవాబిచ్చారు. ఆ మాట నమ్మి కొన్నాను. ప్రెషర్ చాలనందున మెషిన్ పనిచేయడం లేదని కంపెనీ మెకానిక్ రాసిచ్చిన కాగితం జతచేస్తున్నాను. కాబట్టి మెషిన్‌ని వెనక్కి తీసుకుని 34,990 రూపాయలు, నేను కోరని వారంటీకి తీసుకున్న 2,999 రూపాయలు 15 రోజుల్లో చెల్లించండి. లేదా ప్రెషర్ పంపు మీ ఖర్చుతో పెట్టించి, మెషిన్ ఆడించి చూపించండి.”

స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి, అదే రోజు వాళ్ల ఈమెయిల్‌కీ పంపండి. చివరి వాక్యం కావాలనే పెట్టాను. పంపు ఖర్చు షోరూము భరించి మెషిన్ ఆడితే, కోర్టు మెట్లెక్కకుండా తేలిపోతుంది. నా క్లయింటైతే అదే ఒప్పుకోమంటాను. మీ ఇష్టం మీది.

ఈలోగా 1915కి ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లు తీర్పు చెప్పరు, కంపెనీకి మీ ఫిర్యాదు పంపి జవాబు అడుగుతారు. కౌంటర్లో తలెత్తని షాపులు ఆ దారిలో వచ్చిన ఫిర్యాదుకి ఒక్కోసారి రెండు రోజుల్లో ఫోన్ చేయడం నేను చూశాను. చేయకపోయినా నష్టం లేదు, ఫిర్యాదుకి వాళ్లిచ్చే డాకెట్ నంబరు మీ ఫైల్లో ఇంకో కాగితం.

దానికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కొన్నది విజయవాడలో అయినా అక్కడికి తిరగనక్కర్లేదు. సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే చోటే ఫిర్యాదు వేయొచ్చు, అంటే మీకు గుంటూరు. 2019 చట్టం తెచ్చిన మేలుల్లో నాకు బాగా నచ్చినది ఇదే. చెల్లించిన ధర 5 లక్షల దాకా ఉంటే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు, ఇది నా పొట్ట కొట్టే మాటే అయినా చెబుతున్నాను. వినియోగదారుల ఫిర్యాదుల కోసం ప్రభుత్వం పెట్టిన ఇ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. ఫిర్యాదుతో పాటు మీ అఫిడవిట్ (ప్రమాణపత్రం) ఉండాలి, ఎందుకంటే ఇక్కడ సాక్ష్యం చాలావరకు అఫిడవిట్ల మీదే నడుస్తుంది. గడువు రెండేళ్లు.

కమిషన్ నోటీసు అందాక షోరూము 30 రోజుల్లో జవాబు వేయాలి, కమిషన్ ఇంకో 15 రోజులు ఇవ్వగలదు. ఆపైన ఒక్క రోజు కూడా ఇవ్వడానికి లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 మార్చిలో తేల్చేసింది. ఆ 45 రోజుల లెక్క మీరే క్యాలెండర్లో రాసుకోండి. కేసు మొత్తం మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉన్నా, ఏడాదో ఆ పైనో పడుతుందనుకుని దిగండి. ఆర్డరు వచ్చాక కూడా డబ్బివ్వకపోతే సెక్షన్ 72 ఉంది: నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా 25 వేల నుంచి లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. ఆ పిటిషన్ వేశామనగానే చెక్కులు వచ్చేస్తుంటాయి.

ఇంత చిన్న విషయానికా అని మొహమాటపడ్డారు. 2019లో చండీగఢ్‌లో ఒకాయన బాటా షాపులో బూట్లు పెట్టిచ్చిన కాగితం సంచికి 3 రూపాయలు తీసుకున్నారని వినియోగదారుల ఫోరానికి (జిల్లా కమిషన్‌కి అప్పటి పేరు) వెళ్లాడు. ఆ 3 రూపాయలూ తిరిగిచ్చి, పరిహారంగా 3 వేలు, ఖర్చులకు వెయ్యి ఇచ్చి, న్యాయసహాయ నిధికి ఇంకో 5 వేలు కట్టమంది ఫోరం. మీవి 37,989 రూపాయలు.

ఫిర్యాదుతో జతచేయాల్సిన కాగితాలు: బిల్లు, వాట్సాప్ ప్రింట్లు, మెకానిక్ కాగితం, మీ ఉత్తరం, పోస్టు రసీదు. వాటితో పాటు మాన్యువల్లో కనీస నీటి ప్రెషర్ రాసిన పేజీ వెతికి జిరాక్స్ తీయించండి. మేనేజరుగారు చదువుకోమన్న పుస్తకం అదే కదా. కమిషన్లో మీ వైపు కాగితాలకి ఎ1, ఎ2 అని వరసగా గుర్తులు వేస్తారు, ఆ పేజీ ఎ6 అవుతుంది.