డేగ వాలిన టోపీ

ప్రశ్న: నా దగ్గర 40 జతల చిన్న పంజరపు పక్షులు, జీబ్రా ఫించ్‌లు ఉన్నాయి. ఇరవై ఏళ్లుగా పెంచుతున్నాను. ‘వీటిని బంధించి ఏ జాతిని కాపాడుతున్నారు మామయ్యా?’ అని మా కోడలు అడిగింది. అమెరికా రాబందు కాలిఫోర్నియా కాండార్‌ను కాపాడింది పంజరమే కదా అన్నాను. నవ్వి ఊరుకుంది. మాలో ఎవరిది సరైన మాట?
– పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: మామా కోడళ్ల తగవులో నన్ను పెద్దమనిషిగా కూర్చోబెట్టారు. తీర్పు మీకు పూర్తిగా నచ్చదని ముందే చెబుతున్నాను.

కాండార్ సంగతి నిజమే. 1987లో అడవిలో మిగిలిన చివరి పక్షిని కూడా పట్టి తెచ్చేనాటికి లోకం మొత్తం మీద ఉన్నవి 27. ఇప్పుడు 500 దాటాయి. కానీ వేటగాళ్లు వదిలేసిన కళేబరాల్లో తూటాల సీసం ఇంకా ఉంటూనే ఉంది, కాండార్లు వాటిని తింటూనే ఉన్నాయి. విడిచిన పక్షులను మళ్లీ పట్టి, నెత్తురు పరీక్షించి, విషానికి వైద్యం చేసి వదులుతున్నారు. దీన్ని గెలుపు అనడానికి నాకు నోరు రాదు.

మీరు బైరి డేగ (పెరెగ్రిన్ ఫాల్కన్) పేరు ఎత్తి ఉంటే కోడలు అంత తేలిగ్గా నవ్వేది కాదు. డీడీటీ అనే పురుగుమందు ఒంట్లో చేరి గుడ్ల పెంకులు పలచబడటంతో తల్లి పొదగబోతే గుడ్లు చిట్లిపోయేవి. 1960ల నడుమకు తూర్పు అమెరికాలో గూడు కట్టే జంట ఒక్కటీ మిగలలేదు. 1970లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో పక్షి శాస్త్రవేత్త టామ్ కేడ్ ఈ డేగల కోసం పెరెగ్రిన్ ఫండ్ అనే సంస్థను స్థాపించినప్పుడు పక్షులనూ పనితనాన్నీ అందించినవారిలో చాలామంది మీలాంటివారే, డేగవేట మీద మోజుతో ఇంట్లో డేగలను పెంచినవారు. పిల్లలను ఎత్తున పెట్టెలో ఉంచి, మనిషి కంటపడకుండా మేత అందిస్తూ రెక్కలు కుదిరేదాకా చూసుకోవడం వాళ్ల పాత పద్ధతే. కొన్ని మగ డేగలు మనిషి చేతుల్లో పెరిగి మనిషినే తమ జత అనుకునేవి. వాటి కోసం ఒక టోపీ తయారుచేశారు. పెంపకందారు దాన్ని పెట్టుకుని నిలబడితే డేగ వచ్చి తల మీద వాలి జత కట్టేది. టోపీ అంచులో చేరిన వీర్యాన్ని ఆడ డేగలకు ఎక్కించేవారు. నవ్వొస్తుంది గానీ, రోజూ పక్షితో గడిపినవాడికే ఇలాంటివి తడతాయి. 1972లో అమెరికా డీడీటీని నిషేధించింది. 1999లో ఆ డేగను ప్రమాదంలో ఉన్న జాతుల జాబితా నుంచి తీసేశారు. ఆ నిషేధమే లేకపోతే, వేల డేగలను వదిలినా అవన్నీ మళ్లీ చిట్లిపోయే గుడ్లే పెట్టి ఉండేవి.

ఇక మీ 40 జతలు. జీబ్రా ఫించ్‌కు ఇప్పుడు ఏ ఆపదా లేదు, కాబట్టి మీరు ఏ జాతినీ కాపాడటం లేదు. ఈ ముక్క కోడలికి చెప్పేయండి. కానీ ఒక మాట అడుగుతాను: ఏ పిల్ల ఏ జతకు పుట్టిందో మీకు తెలుసా?

నాకు తెలిసేది కాదు. ఉద్యోగంలో చేరక ముందు నేనూ ఫించ్‌లు పెంచాను. తెల్లవంటే ముద్దు. తెల్లదాన్ని తెల్లదానితోనే జత కలిపేవాణ్ని, అవి అన్నాచెల్లెళ్లో కాదో పట్టించుకోలేదు. ఐదో తరానికి వచ్చేసరికి గుడ్డును దీపానికి అడ్డం పట్టి చూస్తే మూడింట రెండు ఖాళీ. మేత మార్చాను, సున్నపు రాయి పెట్టాను, గూటి పెట్టెను నిందించాను. తప్పంతా నాది. పక్షుల కాళ్లకు రింగులు లేవు, రాసుకున్న పుస్తకం లేదు.

తర్వాత ఒక జంతుప్రదర్శనశాలలో పక్షుల విభాగంలో 30 ఏళ్లు పనిచేశాను. అక్కడ నా చేతికి మొదట ఇచ్చింది మేత గిన్నె కాదు, వంశావళి పుస్తకం: పక్షి సంఖ్య, తల్లి, తండ్రి, పుట్టిన తేదీ, పోయిన తేదీ. ఒకదాని మెడ ఒకటి దువ్వుకునే జంటను, ఇద్దరికీ తాత ఒకడేనని విడదీయాల్సి వచ్చింది. ఆడది రెండు రోజులు పిలుస్తూనే ఉంది. ఆ పుస్తకం మీద నాకు కోపం వచ్చిన రోజు అదొక్కటే.

పంజరంలో పెరిగిన పక్షికి జాతి పరంగా విలువ ఉండాలంటే దాని పూర్వీకులు ఎవరో తెలియాలి. మీ దగ్గర ఇరవై ఏళ్ల అనుభవం ఉంది, అది తక్కువది కాదు. ఈ రోజే రింగులు వేసి లెక్క మొదలుపెట్టండి. రాసే పని కోడలికి ఇవ్వండి, మీ కన్నా గట్టిగా అడుగుతుంది.

ప్రశ్న: మా పెంపుడు చిలుక కాకటీల్‌ను చూస్తే పాపం అనిపిస్తోంది. తోటలో వదిలేయనా?

జవాబు: వద్దు. హవాయి కాకి ‘అలాలా’ను పంజరాల్లో పెంచి 2016లో ఐదింటిని అడవిలో వదిలితే కొద్ది రోజుల్లోనే మూడు చనిపోయాయి. అక్కడి గద్ద నుంచి తప్పించుకోవడం వాటికి సరిగ్గా తెలియదు. ఆ తర్వాత గద్దను చూస్తే పారిపోయేలా శిక్షణను ఇంకా గట్టిగా ఇచ్చి వదిలారు, అయినా 2020లో మిగిలినవాటిని వెనక్కి తేవాల్సి వచ్చింది. మీ కాకటీల్‌కు ఆ శిక్షణా లేదు. బతికితే అది మోసుకెళ్లే జబ్బులు బయటి పక్షులకు అంటుకోవచ్చు. పెద్ద పంజరం కొనండి, వీలైతే తోడు తెండి.