చిన్న పచ్చని మెరుపు తేనెటీగ: ఫొటో చూసి పేరు ఎంతవరకు చెప్పగలం?

అడిగిన ప్రశ్న ఇది: "చేతి మీద వాలి చెమట నాకింది. సుమారు 6 మి.మీ. ఉంటుంది, ఒళ్లంతా పచ్చగా మెరుస్తోంది. ఫోన్‌తో పక్కనుంచి తీసిన ఫొటో ఒకటి ఉంది. ఇది ఏ జాతి స్వెట్ బీ?"

ఆ ఒక్క ఫొటోతో జాతి పేరు పెట్టడం కుదరదండి. రెక్క బాగా కనిపిస్తే హాలిక్టిడే, అంటే స్వెట్ బీల కుటుంబమని చెప్పొచ్చు. పొట్ట మీది నూగు కూడా తెలిస్తే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు, జీనస్) దాకా వెళ్లొచ్చు. అక్కడి నుంచి జాతికి చేరాలంటే ఏం చూడాలో, ఎలా చూడాలో కింద రాస్తున్నాను. ఈ చిన్న మెరుపు తేనెటీగలకు తప్పుడు పేర్లు పడేది చాలావరకు ఒకే దారిలో: రంగు చూడటం, నెట్‌లో అదే రంగున్న ఫొటో వెతకడం, దాని కింద ఉన్న పేరు తెచ్చి తగిలించడం. రంగును చిట్టచివర చూడండి. మొదట రెక్క చూడండి.

అంతకంటే ముందు అది తేనెటీగేనా అన్నది తేలాలి. చెమట నాకింది కాబట్టి స్వెట్ బీ అనుకోవద్దు. ఉప్పు కోసం ఈగలూ వాలతాయి, కుట్టని తేనెటీగలూ వాలతాయి. హాలిక్టిడేలో మనిషి చెమట జోలికే రానివి చాలా ఉన్నాయి. పచ్చగా మెరిసే ఈగకు రెక్కలు రెండే. వెనక రెక్కలు ఉండాల్సిన చోట గుండుసూది తలల్లాంటి రెండు చిన్న కాడలుంటాయి. మీసాలు పొట్టిగా ఉంటాయి, తలలో ఎక్కువ భాగం కళ్లే ఆక్రమిస్తాయి. తేనెటీగకు నాలుగు రెక్కలు, మీసం మధ్యలో మోచేయిలా వంగి ఉంటుంది. క్రిసిడిడే కుటుంబపు మెరుపు కందిరీగలు కూడా ఇదే పచ్చ, ఇదే నీలం. వాటి ఒళ్లంతా దిట్టమైన గుంటలుంటాయి, పొట్ట అడుగు లోపలికి గిన్నెలా నొక్కుకుపోయి ఉంటుంది, బెదిరిస్తే చాలావరకు ఉండలా చుట్టుకుంటాయి. కాళ్ల మీద పుప్పొడి మోసే నూగు ఉండదు.

ఎక్కువమంది పొరబడేది సెరటినా దగ్గర. ఇవి బోలు కొమ్మల్లో, మెత్తని గుజ్జున్న కాడల్లో గూడు కట్టే చిన్న తేనెటీగలు. పరిమాణం, రంగు అచ్చం ఇలాగే ఉంటాయి. ఒంటి మీద నూగు దాదాపు కనిపించదు, నున్నగా ఉంటాయి. పొట్ట వెనక్కి పోయేకొద్దీ కాస్త లావై గదలా ముగుస్తుంది. ముఖం మీద తెల్లని లేదా పసుపు మచ్చ చాలా జాతుల్లో ఉంటుంది. వెనక కాళ్ల నూగు పలచన. అయినా ఇవన్నీ అంచనాలే. తేల్చి చెప్పేది రెక్కే.

ముందు రెక్కలో, ముందంచుకు మధ్యలో నల్లటి మచ్చలాంటిది ఒకటి ఉంటుంది. దానికి కొంచెం లోపలగా, ఒంటి వైపున, అంచు నుంచి కిందికి దిగే ఈనెను బేసల్ వెయిన్ అంటారు. హాలిక్టిడేలో ఈ ఈనె ఎక్కుపెట్టిన విల్లులా గట్టిగా వంగి ఉంటుంది, ఆ వంపు ఒంటి వైపు చివర మరీ ఎక్కువ. సెరటినాలోనూ, చాలా ఇతర తేనెటీగల్లోనూ అది తిన్నగానో, కొద్దిపాటి వంపుతోనో ఉంటుంది. 10 రెట్ల భూతద్దంతో ఇది స్పష్టంగా తెలుస్తుంది. మంచి మాక్రో ఫొటోలో కూడా కనిపిస్తుంది, కాకపోతే రెక్క వెనక నేపథ్యం సాదాగా ఉండాలి. పచ్చని పొట్ట మీద పడిన రెక్కలో ఈనెలు కనపడవు.

కుటుంబం తేలాక ప్రజాతి. చిన్న మెరుపు స్వెట్ బీలలో ఎక్కువగా ఎదురయ్యేవి లాసియోగ్లోసమ్‌లోని డయాలిక్టస్ ఉపప్రజాతి, హాలిక్టస్‌లోని సెలడోనియా. సెలడోనియాను కొందరు విడి ప్రజాతిగానే రాస్తారు. వీటిని వేరు చేయడానికి రెండు చోట్ల చూడాలి. పొట్ట మీది తెల్లని నూగు పట్టీలు హాలిక్టస్‌లో ప్రతి ఖండం వెనక అంచు మీద ఉంటాయి. లాసియోగ్లోసమ్‌లో ఖండం మొదట్లో ఉంటాయి, ముందు ఖండం కింద నుంచి సగం బయటికి వచ్చినట్టు కనిపిస్తాయి. చూడ్డానికి రెండూ చారలే, అందుకే ఆ చార ఏ అంచుకు అంటుకుని ఉందో దగ్గరగా చూడాలి. ఇంకోటి రెక్కలోనే ఉంది. లాసియోగ్లోసమ్ ఆడదానిలో రెక్క కొన వైపు అడ్డ ఈనెలు లోపలి వాటికంటే సన్నగా, వెలిసిపోయినట్టుంటాయి. హాలిక్టస్‌లో అన్నీ ఒకే మందం. మగవాటిలో ఈ తేడా అంత నమ్మదగ్గది కాదు. నూగు కూడా అరిగిపోతుంది. చాలా రోజులు ఎగిరిన ఆడదాని పట్టీలు పక్కల్లో మాత్రమే మిగులుతాయి, అలాంటప్పుడు పొట్ట నడిమధ్య ఏమీ లేదని పట్టీ లేదనుకోకూడదు.

మీరున్నది ఉత్తర, దక్షిణ అమెరికాల్లో అయితే ఇంకో గుంపును కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆగోక్లోరిని అనే ఈ తెగ అక్కడ తప్ప ఎక్కడా లేదు. డయాలిక్టస్ పచ్చదనం కాస్త మసకగా, లోహానికి నూనె రాసినట్టు ఉంటుంది, వీటిది మాత్రం పచ్చల నగలాంటి మెరుపు. ఆడదాని పొట్ట అయిదో పలక వెనక అంచులో నడిమధ్య చీలిక ఉంటుంది. ఇందులోని ఆగోక్లోరా, ఆగోక్లోరెల్లాలను విడదీయాలంటే ముఖం ఎదురుగా చూడాలి. నోటికి పైనుండే పలకను క్లైపియస్ అంటారు. దాని పై మూలల్లో పక్క పలక మొనదేలిన నాలుకలా లోపలికి చొచ్చుకొస్తే ఆగోక్లోరా, మొద్దు కోణంలోనో నిలువు కోణంలోనో ఆగిపోతే ఆగోక్లోరెల్లా. ఆగోక్లోరా ప్యూరా కుళ్లిన కలపలో గూడు కడుతుంది, ఆగోక్లోరెల్లా నేలలో. కాబట్టి ఎక్కడ దొరికిందో రాసిపెట్టుకుంటే పనికొస్తుంది. అగపోస్టెమన్ కూడా పచ్చనిదే గానీ సాధారణంగా పెద్దది. నడుము ముందుండే నిలువు తలం చుట్టూ ఎత్తయిన గట్టు కట్టినట్టుంటుంది.

ఆఫ్రికా, యూరప్, ఆసియాల్లో, ముఖ్యంగా ఇసుక నేలల్లో, 3-4 మి.మీ. మాత్రమే ఉండి పచ్చని ఒంటి మీద పసుపు గుర్తులున్నది దొరికితే నోమియోయిడిస్, సెయిలాలిక్టస్‌లను అనుమానించండి.

ఇక అసలు కష్టం డయాలిక్టస్‌లో. లాసియోగ్లోసమ్‌లో ఇప్పటికే 1,700కు పైగా జాతులున్నాయి. 2010లో ఒక్క కెనడాలోని మెరుపు డయాలిక్టస్‌లను తిరగరాస్తే 84 జాతులు తేలాయి. 2011లో తూర్పు ఉత్తర అమెరికా జాబితా 97కు చేరింది. న్యూయార్క్ లాంటి మహానగరంలో ఉండే లాసియోగ్లోసమ్ గోథమ్‌కు పేరు పెట్టింది కూడా ఆ 2011లోనే. అంతకుముందు అదే తేనెటీగ జనం కళ్ల ముందే తిరిగింది, పక్క జాతుల్లో కలిసిపోయి ఎవరికీ తెలియలేదు. బ్రిటన్‌లో మెరిసే లాసియోగ్లోసమ్‌లు నాలుగే. మోరియో, ల్యూకోపస్, స్మీత్‌మానెల్లమ్, క్యూప్రోమికాన్స్. ఆ నాలుగింటికీ మైక్రోస్కోప్ కావాల్సిందే.

జాతి దగ్గర చూడాల్సిన చోట్లు ఇవి. వీపు పలక మీది గుంటలు ఎంత దగ్గరగా ఉన్నాయన్నది అన్నిటికంటే ముఖ్యం. దీన్ని మి.మీ.లలో కొలవరు. రెండు గుంటల మధ్య ఖాళీని ఒక గుంట వెడల్పుతో పోలుస్తారు. ఖాళీ గుంట వెడల్పు కంటే తక్కువా, సమానమా, రెండింతలా? పలక మధ్యలో ఒక లెక్క, పక్కన నిలువు గీతకు అవతల ఇంకో లెక్క ఉంటుంది, రెండూ విడిగా రాసుకోండి. ఆ ఖాళీ అద్దంలా నున్నగా ఉందా, తోలు మీది గరుకులా మసకబారి ఉందా అన్నది కూడా. తర్వాత రెక్క మొదట్లో ఉండే చిన్న డాలులాంటి టెగులా. టెగులారే గుంపులో ఇది పెద్దది, గుంటలతో నిండి ఉంటుంది, లోపలి వెనక మూల కోణం తీసినట్టుంటుంది. మామూలు డయాలిక్టస్‌లలో కోడిగుడ్డు ఆకారం. మంచి ఫొటోలో కూడా దొరికే లక్షణం ఇదొక్కటే అనొచ్చు. నడుముకు ముందు పై పలక మీది ముడతలు వెనక అంచు దాకా పోయాయా, మధ్యలోనే ఆగిపోయాయా చూడాలి. పొట్ట మొదటి ఖండం ముందు వాలులో నున్నని ఖాళీ, దాని చుట్టూ విసనకర్రలా నిలబడిన వెంట్రుకలు ఉంటాయి. తేనెటీగతో బతికే సూక్ష్మ మైట్‌లు అక్కడ చోటు చేసుకుంటాయి. ఆ విసనకర్ర పైన మూసుకుందా, తెరిచి ఉందా అన్నది చాలా తాళపట్టికల్లో (లక్షణాలు ఒక్కొక్కటిగా అడుగుతూ జాతి పేరుకు చేర్చే పట్టికలు, ఇంగ్లిష్‌లో 'కీ') అడుగుతారు. ఇక ముఖం పొడవు, వెడల్పుల నిష్పత్తి.

ఇక్కడ మైక్రోస్కోప్ ఉన్నవాళ్లు కూడా దెబ్బతినే చోటొకటి ఉంది. 40 రెట్లలో చూసినా గుంటలు కనపడటం లేదంటే లోపం లెన్స్‌ది కాదు, వెలుతురుది. మెరుపు ఒంటి మీద సన్నని ఎల్‌ఈడీ కాంతి పడితే తెల్లటి చుక్కలు మిరుమిట్లు గొలుపుతాయి, గుంట అంచులు వాటిలో మాయమవుతాయి. నమూనా చుట్టూ ట్రేసింగ్ కాగితాన్ని గొట్టంలా చుట్టి, కాంతి దాని గుండా పడేలా పెట్టండి. నున్నగా ఉందనుకున్న వీపు నిండా గుంటలు తేలతాయి. గుంటల దగ్గరితనం తప్పుగా రాసి, తాళపట్టికలో పక్క దారి పట్టడం చాలావరకు ఈ కాగితం లేకే.

రంగు గురించి ముందే అన్నాను. ఈ మెరుపు రంగుపదార్థం వల్ల వచ్చేది కాదు. పైపొరలోని సన్నని పొరలు కాంతిని వెనక్కి తిప్పి పంపే తీరు వల్ల వస్తుంది. చూసే కోణం మారితే పచ్చ నీలమవుతుంది, ఫ్లాష్ వేస్తే ఒకలా, నీడలో ఇంకోలా ఉంటుంది. గాలిలో తేమ బాగా పెరిగితే కొన్ని పచ్చని స్వెట్ బీలు రాగి రంగు వైపు జరుగుతాయి. ఆగోక్లోరా ప్యూరాలో అయితే పచ్చ, బంగారు, రాగి, నీలం అన్నీ ఒకే జాతిలో దొరుకుతాయి.

ఆడా మగా తేల్చుకోకుండా తాళపట్టిక తెరవకండి, రెండింటికీ దారులు వేరు. మీసంలో ముక్కలు లెక్కపెట్టండి. ఆడదానికి 12, మగదానికి 13. ఆడదాని వెనక కాళ్ల మీద తొడ దాకా పుప్పొడి నూగు దట్టంగా ఉంటుంది. మగది సన్నగా ఉంటుంది, మీసాలు పొడవు, క్లైపియస్ కొన తరచూ పసుపు. చలి దేశాల్లో వసంతం మొదట్లో కనిపించేవి ఆడవే. అవి ముందటేడు జత కట్టి చలికాలం దాటినవి. మగవి వేసవి ముదిరాక వస్తాయి.

దాన్ని చంపకుండా మంచి ఫొటో కావాలంటే ఇలా చేయండి. మూత ఉన్న చిన్న సీసాలో పట్టుకుని, లోపల పొడి టిష్యూ ముక్క పెట్టి, ఫ్రిజ్‌లో 10 నుంచి 15 నిమిషాలు ఉంచండి. ఫ్రీజర్‌లో పెట్టకండి. టిష్యూ లేకపోతే ఒంటి మీద తేమ పట్టి నూగు అంటుకుపోతుంది. మీరు చూడబోయేది ఆ పట్టీలనే కదా. బయటికి తీశాక మీకు దొరికేది ఒకటి రెండు నిమిషాలే, కాబట్టి కెమెరా ముందే సిద్ధంగా ఉండాలి. 1:1 మాక్రో లెన్స్, ఎఫ్/11 దగ్గర, ఫ్లాష్ ముందు పలచని తెల్లని కాగితం. తీయాల్సినవి పైనుంచి వీపు, ఎదురుగా ముఖం, పక్కనుంచి వెనక కాలు, పొట్ట పైభాగం, ఒక రెక్క. పక్కన మి.మీ. గీతలున్న కాగితం పెట్టండి. కంటి అంచనాతో చెప్పే పరిమాణం ఎక్కువసార్లు తప్పుతుంది. వేడెక్కాక దానంతటదే ఎగిరిపోతుంది. చేత్తో నలిపితే ఆడది కుట్టొచ్చు గానీ నొప్పి స్వల్పం. 4 వరకు ఉండే ష్మిట్ నొప్పి కొలమానంలో స్వెట్ బీ కుట్టుకు 1 ఇచ్చారు.

జాతి పేరు తప్పనిసరి అయితే నమూనా కావాలి. ఇంత చిన్నదానికి నేరుగా సూది గుచ్చితే వీపు పగిలి, చూడాల్సిన గుంటలే పోతాయి. త్రికోణం కాగితం ముక్క కొనను కాస్త వంచి, చుక్క జిగురుతో ఉరం (రెక్కలు, కాళ్లు ఉండే నడిమి భాగం) కుడి పక్కకు అతికించి, సూదిని ఆ కాగితానికి గుచ్చండి. జిగురు టెగులాకు తగలనివ్వకండి. సబ్బునీళ్లలో పడి తడిసినదైతే శుభ్రమైన నీళ్లతో కడిగి, హెయిర్ డ్రయ్యర్ తక్కువ గాలితో నూగు విచ్చుకునే దాకా ఆరబెట్టాకే అతికించండి. మగదైతే మెత్తగా ఉన్నప్పుడే పొట్ట చివరి జననాంగాల్ని సన్నని సూదితో బయటికి లాగి ఉంచండి. ఆరాక అది రాదు.

డీఎన్‌ఏ బార్‌కోడ్‌కు (జన్యువు ముక్కను చదివి జాతిని పోల్చే పద్ధతి) ఒక కాలు చాలు, 95 శాతం ఇథనాల్‌లో వేయండి. సీఓఐ జన్యువులో 658 అక్షరాల ముక్కను చదువుతారు. డయాలిక్టస్‌లో దగ్గరి జాతుల బార్‌కోడ్‌లు దాదాపు ఒకటిగా వచ్చే సందర్భాలున్నాయి. అందుకే కాలు తీసినా ఒంటిని పారేయకండి, గుంటలు కూడా చూసే పేరు రాయాలి.

మీ ఫొటోకు ప్రస్తుతానికి నేను రాసే పేరు "బహుశా హాలిక్టిడే, లాసియోగ్లోసమ్ (డయాలిక్టస్)". పొట్ట పట్టీలు ఖండం మొదట్లో ఉన్నట్టున్నాయి కాబట్టి అలా అంటున్నాను. రెక్క కనపడటం లేదు కాబట్టి "బహుశా" తీయలేను. మళ్లీ దొరికితే రెక్క, ముఖం ఫొటోలు, ఏ పువ్వు మీద వాలింది, నేల ఇసుకా బంకమట్టా, తేదీ, ఊరు పంపండి. టెగులా కనిపించేలా పైనుంచి తీసినది ఒక్కటి ఉన్నా, టెగులారే గుంపో కాదో చెప్పేయొచ్చు.