నల్ల పసుపులో కుర్కుమిన్ ఎంత?

ప్రశ్న: దొడ్డబళ్లాపుర దగ్గర మాకు ఎకరం మామిడి తోట ఉంది. చెట్ల మధ్య నల్ల పసుపు వేయమని ఒకాయన విత్తన దుంపలు తెచ్చారు. గిరిజనులు వాడే మందు అని, మామూలు పసుపుకన్నా కుర్కుమిన్ ఎక్కువని, పంటంతా తానే కొంటానని అంటున్నారు. నమ్మవచ్చా?

జవాబు: గిరిజనులు వాడతారన్నది నిజమే. కుర్కుమిన్ మాట మాత్రం తలకిందులుగా చెప్పారు. పసుపుకు ఆ రంగునిచ్చేదే కుర్కుమిన్. కోళికోడ్ సుగంధ ద్రవ్యాల పరిశోధన సంస్థవారి ‘ప్రతిభ’ రకంలో అది సుమారు 6 శాతం ఉంటుంది. నల్ల పసుపు దుంపను కోస్తే లోపల నీలంగా ఉంటుంది, కుర్కుమిన్ నామమాత్రమే. దాని గుణం ఆవిరయ్యే నూనెలో ఉంది. ముక్క నలిపి చూడండి, కర్పూరం వాసన కొడుతుంది. అరుణాచల్‌లోని ఖామ్తీ గిరిజనులు పచ్చి దుంప నూరి పాము, తేలు కాట్ల మీద పూస్తారు. అది వారి ఆచారం. మీ తోటలో పాము కరిస్తే మాత్రం క్షణం ఆగకుండా ఆస్పత్రికే వెళ్లండి.

పసుపు, నల్ల పసుపు కూడా చేరే అల్లం కుటుంబంలో మొక్కలు చూడటానికి ఒకేలా ఉన్నా లోపలి సరుకు వేరు. ఒకే దుంప కూడా ఎండితే మారుతుంది. పచ్చి అల్లం ఘాటు జింజెరాల్ అనే పదార్థానిది. ఎండేటప్పుడు అందులో కొంత షోగాల్ అనే మరో పదార్థంగా మారి ఘాటు పెరుగుతుంది. పెద్దలు అల్లాన్నీ శొంఠినీ వేరు మందులుగా లెక్కపెట్టింది ఊరికే కాదు.

గుణం నూనెలో ఉంది కాబట్టి నల్ల పసుపును మామూలు పసుపులా ఉడకబెట్టకండి, నూనె ఆవిరితో పోతుంది. చక్రాలుగా తరిగి నీడలో ఆరబెట్టాలి.

ఇక విత్తనం. ఆకు మధ్యలో ఊదా చార చూసి మోసపోకండి, పసుపు జాతికే చెందిన కచ్చూరానికీ ఆ చార ఉంటుంది. ప్రతి సంచిలోంచి ఒక దుంప కోయించి చూడండి, నీలం కనబడకపోతే వెనక్కి పంపండి. మామిడి నీడ ఈ మొక్కకు ఇబ్బంది కాదు, నీరు నిలవడమే ఇబ్బంది, దుంపకుళ్లు వస్తుంది. ఎత్తు మడులు చేసి, దుంపలను లీటరు నీటికి 3 గ్రాముల మాంకోజెబ్ (శిలీంద్రనాశక మందు) కలిపిన ద్రావణంలో అరగంట ముంచి, నీడన ఆరాక నాటండి. ఈ ఏడాదికి రెండు మడులు చాలు.

కొంటానన్న మాట ధరతో సహా కాగితం మీద ఉందా? విత్తనం డబ్బు మాత్రం ముందే అడిగారా? అలాగైతే ఆయన అమ్ముతున్నది మీకే, మీ పంట కొనడానికి వచ్చినవారు కాదు.

– ఉద్యాన శాస్త్రవేత్త, బెంగళూరు