ఫైలు పంపవద్దు, లింకు పంపు

చిరంజీవికి ఆశీస్సులు.

ఎనిమిది మందితో పని మొదలుపెడుతున్నానని, కంప్యూటర్లలో ఏయే ఏర్పాట్లు చేసుకోవాలో చెప్పమని రాశావు. నాయనా, ముందు ఫైళ్ల సంగతి చూసుకో. తక్కినవన్నీ తరువాత సర్దుకోవచ్చు.

నేను పనిచేసిన ఒకచోట ధరల పట్టిక మెయిల్ అటాచ్‌మెంటుగా చేతులు మారుతూ ఉండేది. ఎవరికి వారు దిద్దుకొని ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘అసలు ఫైనల్’ అని పేర్లు పెట్టుకునేవారు. ఒకనాడు నేనే పాత పట్టికను కొనుగోలుదారుకు పంపి, ఆ తరువాత ఫోను చేసి తప్పు ఒప్పుకోవలసి వచ్చింది. గూగుల్ డాక్స్‌లో గాని, మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ అయిన వన్‌డ్రైవ్‌లో ఉంచిన వర్డ్, ఎక్సెల్ ఫైళ్లలో గాని అందరూ ఒకే ప్రతిపై ఏకకాలంలో పనిచేయవచ్చు. ఎవరైనా పొరపాటున ఒక పేరా చెరిపివేసినా, వెర్షన్ హిస్టరీ తెరిచి పాత రూపాన్ని వెనక్కి తెచ్చుకోవచ్చు. లింకు ఇచ్చేటప్పుడు మాత్రం చదివేవారెవరో, దిద్దేవారెవరో చూసి అనుమతులివ్వు. జీతాల ఫైలుకు ‘లింకు ఉన్న ఎవరైనా దిద్దవచ్చు’ అని పెట్టిన మహానుభావులను కూడా చూశాను.

ఆ ఫైళ్లు ఎవరి సొంత ఖాతాలోనూ ఉండకూడదు. సంస్థల కోసం గూగుల్ ఇచ్చే వర్క్‌స్పేస్‌లోని షేర్డ్ డ్రైవ్ అనే ఉమ్మడి నిల్వలో పెట్టినవి సంస్థ సొత్తు అవుతాయి కనుక, ఒకరు ఉద్యోగం మానినా అవి చెక్కుచెదరవు. పేర్లలో తేదీని 2025-03-07 అని సంవత్సరంతో మొదలుపెట్టి రాయిస్తే, ఫైళ్లు వాటంతట అవే కాలక్రమంలో నిలుస్తాయి. తేదీలు రాసే పద్ధతికి అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 8601 చెప్పేదీ ఇదే.

చాట్‌ను ప్రశ్నలకు, పలకరింపులకు వాడుకోండి. తీసుకున్న నిర్ణయాన్ని మాత్రం అదే రోజు ఒక ఉమ్మడి డాక్యుమెంటులోకి ఎక్కించండి. స్లాక్ అనే చాట్ యాప్ ఉచిత ప్లాన్‌లో 90 రోజులు దాటిన సందేశాలు కనబడవు. ‘అప్పుడే అనుకున్నాం కదా’ అని వెతికితే ఆధారం దొరకదు.

చిన్న చిట్కాలు రెండు. జీమెయిల్ సెట్టింగ్స్‌లో, పంపిన మెయిల్‌ను వెనక్కి తీసుకునే ‘అన్‌డూ సెండ్’ వ్యవధిని 30 సెకన్లకు పెంచుకో. విండోస్‌లో విండోస్ మీట, వి కలిపి నొక్కి క్లిప్‌బోర్డ్ హిస్టరీని ఆన్ చేస్తే, అప్పటినుంచి కాపీ చేసినవాటిలో ఇటీవలివి వరుసగా కనిపిస్తాయి. రోజంతా ఫారాలు నింపేవారికి ఇది పెద్ద ఊరట.

అన్ని ఖాతాలకూ, పాస్‌వర్డ్‌తో పాటు మరో రుజువు కూడా అడిగే రెండంచెల ధ్రువీకరణ పెట్టించి, ఆ రుజువు అందుబాటులో లేనప్పుడు వాడే బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద ముద్రించి బీరువాలో ఉంచు. సింక్‌ను, అంటే ఫైళ్లు అన్ని కంప్యూటర్లలో ఒకేలా ఉండేలా చూసే ఏర్పాటును, బ్యాకప్ అనుకోవద్దు: ఒక కంప్యూటర్‌లో చెరిపిన ఫైలు సింక్ అయినచోటల్లా చెరిగిపోతుంది, గూగుల్ డ్రైవ్ చెత్తబుట్టలో అది 30 రోజులే ఉంటుంది. అందుచేత వారానికొకసారి విడి హార్డ్‌డిస్క్‌కు ప్రతి తీయించి, అప్పుడప్పుడు అందులోంచి ఒక ఫైలు తెరిచి చూడు. అనుమతుల దగ్గర ఎక్కడైనా చిక్కుకుంటే స్క్రీన్‌షాట్ పంపు, చూసి చెబుతాను.

ఇట్లు,
మీ పెదనాన్న