అద్వైతం ఒంటబడితే ఇంట్లోవాళ్ళ మీద ప్రేమ తగ్గిపోవాలా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఉన్నది ఒక్కటే అని నమ్మకం కుదిరాక భార్యాపిల్లల మీద ప్రేమ వట్టి మాయలా, బంధంలా అనిపిస్తోంది, రెండోది లేనప్పుడు ప్రేమించేదెవరు, ఎవర్ని, ఇల్లు వదిలి ఏ ఆశ్రమానికో వెళ్ళిపోతే నయం కదా అని.

నేను పండితురాలిని కాదండీ. మా ఆయనకు కూడా సరిగ్గా ఇదే పట్టుకుని కొన్నాళ్ళు ఇంటిల్లిపాదీ నలిగిపోయాం, అందుకని రాస్తున్నా. మా వాడికి చిన్నప్పుడు ఆయాసం. ఒక రాత్రి పిల్లికూతలు మొదలైతే వాణ్ణి ఒళ్ళో వేసుకుని, నెబ్యులైజర్ మాస్క్ మూతికి అదిమి పట్టుకుని కూర్చున్నా. వాడు తల విదిలిస్తున్నాడు, మందు పొగ నా కళ్ళల్లోకి కొడుతోంది. ఈయన గుమ్మంలో నిలబడి ఎంతో శాంతంగా "టెన్షన్ పడకు, సాక్షిగా చూడు" అన్నారు. ఒళ్ళు మండింది. "సాక్షిగారూ, ముందు ఆ మందు ఇంకోటి ఇలా అందుకోండి" అన్నా.

కానీ నాకు ఇప్పటికీ వింతగా ఉండేది వేరే. "వీడంటే నాకు ప్రాణం" లాంటి మాట అంతసేపూ మనసులోకే రాలేదు. వాడి ఊపిరి ఉంది, అది ఎప్పుడు తేలికపడుతుందా అని వినడం ఉంది, అంతే. నేననే మనిషి లేదక్కడ. వాడు నిద్రపోయాక ఆవిడ తిరిగొచ్చింది, నడుంనొప్పితోనూ, ఈ ఇంట్లో అన్నీ నేనే చేసుకోవాలి అనే సణుగుడుతోనూ సహా. ఆ రాత్రి అద్వైతానికి ఎవరు దగ్గరగా ఉన్నారో మీరే చెప్పండి.

బృహదారణ్యక ఉపనిషత్తులో యాజ్ఞవల్క్య మహర్షి తన భార్య మైత్రేయితో భర్త గానీ భార్య గానీ పిల్లలు గానీ వాళ్ళ కోసం ప్రియం కారు, ఆత్మ కోసమే ప్రియమవుతారు అంటాడు. దీన్ని పట్టుకుని "చూశావా, ప్రేమంతా స్వార్థమే" అని లాగేవాళ్ళు చాలామంది, మా ఆయన కూడా అలాగే లాగేవారు. అక్కడ చెప్పే ఆత్మ ఆధార్ కార్డులో పేరున్న మనిషి కాదు కదా! మీలోనూ మీ పాపలోనూ ఉన్నది ఒకటే అయితే, పాప మీద ప్రేమ కలగడంలో తప్పేముంది? అది మీ గడప దగ్గరే ఆగిపోతోందా అన్నది అడగాల్సిన ప్రశ్న. విద్యారణ్యులు పంచదశి అనే అద్వైత గ్రంథంలో ఇంకా సూటిగా చెప్తారు: నేను లేకుండా పోవాలని ఎవరికీ ఉండదు, ఎప్పుడూ ఉండాలనే ఉంటుంది, ఆ ప్రేమను బట్టే ఆత్మ ఆనందస్వరూపమని తెలుస్తోంది అని. అంటే ప్రేమ తీసేస్తే అద్వైతంలో ఆనందానికి రుజువే పోతుంది.

రమణ మహర్షినే చూడండి. 1896లో ఇల్లు వదిలి అరుణాచలం చేరిన మనిషి. 1922 మేలో తల్లి అళగమ్మ ప్రాణం పోతుంటే ఒక చెయ్యి గుండె మీద, ఒక చెయ్యి తల మీద పెట్టి గంటల తరబడి పక్కనే కూర్చున్నారు. 1948లో లక్ష్మి అనే ఆవు చివరి గడియల్లోనూ దాని తల ఒళ్ళోకి తీసుకున్నారు. అంతా మిథ్యే కదా అని లేచి వెళ్ళిపోలేదు. సంసారం వదిలేస్తామని వచ్చేవాళ్ళను ఆయన సాధారణంగా ప్రోత్సహించేవారు కాదు. ఇప్పుడు గృహస్థుణ్ణి అనుకునే మనసే రేపు సన్యాసిని అనుకుంటుంది, అది మీ వెంటే వస్తుంది అనే ధోరణి ఆయనది.

మరి యాజ్ఞవల్క్యుడు ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు కదా అంటారేమో. నిజమే, వెళ్ళాడు. కానీ వెళ్ళేముందు ఇద్దరు భార్యలకూ ఆస్తి పంచుతానన్నాడు, మైత్రేయి "దీనితో అమృతత్వం వస్తుందా" అని నిలదీస్తే కూర్చుని ఓపిగ్గా జవాబు చెప్పాడు. మీ ప్రశ్న మొత్తం రెండుసార్లు చదివాను, దీని గురించి మీ ఆవిడ ఏమంటోందో ఒక్క ముక్క లేదు. అసలు ఆమెతో మాట్లాడారా?