చంపబడ్డాడా, చచ్చాడా?

సందేహం: హ్యారీ పాటర్ ఏడో పుస్తకం మీద మా అమ్మాయి బడికి కథాసంగ్రహం రాస్తూ, అందులోని దుష్ట మాంత్రికుడి గురించి 'వోల్డెమార్ట్ హ్యారీ చేత చంపబడ్డాడు' అంది. టీచరు గారు అది కొట్టేసి 'హ్యారీ చేతిలో చచ్చాడు' అని దిద్దారు. అమ్మాయి రాసింది తప్పా?

సమాధానం: వ్యాకరణం ప్రకారం తప్పు లేదు. 'చేత' తృతీయా విభక్తి, క్రియకు 'బడు' చేరింది, కర్మణి వాక్యం పద్ధతిగానే ఉంది. కాకపోతే నోటితో ఎవరూ అలా అనరు. టీచరు గారి వాక్యం వాడుకకు దగ్గర. కానీ ఆ కథకు మాత్రం రెండూ సరిగ్గా అతకవు.

2007లో వచ్చిన ఆ పుస్తకంలో 36వ అధ్యాయం తీసి చూడండి. వోల్డెమార్ట్ వేసింది చంపే శాపం. హ్యారీ వేసింది ఎదుటివాడి చేతిలోని మంత్రదండాన్ని ఎగరగొట్టే మంత్రం, అంతే. అంతకుముందు పశ్చాత్తాపపడమని ఒక అవకాశం కూడా ఇచ్చాడు. వోల్డెమార్ట్ పట్టుకున్న దండానికి అసలు యజమాని హ్యారీయే. యజమానిని చంపడానికి అది ఒప్పుకోలేదు. శాపం తిరగబడి వేసినవాడికే తగిలింది.

'చంపాడు' అనాలంటే ఆ పని చేసి ఉండాలి, లేదా చంపాలన్న పన్నాగమైనా ఉండాలి. భస్మాసురుడు తన చెయ్యి తన నెత్తినే పెట్టుకుని మాడిపోయినా, విష్ణువు సంహరించాడనే అంటాం. మోహినిగా వచ్చి ఆ చేతిని నెత్తిమీదికి రప్పించింది ఆయనే గదా! హ్యారీకి అలాంటి ఎత్తు లేదు. అదే పోరాటంలో హ్యారీ స్నేహితుడు నెవిల్, వోల్డెమార్ట్ పెంచుకున్న నాగిని అనే పాము తలను కత్తితో నరికాడు. అక్కడైతే 'నెవిల్ చంపాడు', 'నెవిల్ చేతిలో చచ్చింది' రెండూ నిక్షేపంగా చెల్లుతాయి.

'ఓడు' సంగతి వేరు. ఫుట్‌బాల్‌లో సెల్ఫ్ గోల్ వేసుకుని ఓడిన జట్టును కూడా అవతలి జట్టు చేతిలో ఓడిందనే పత్రికలు రాస్తాయి. కనుక 'హ్యారీ చేతిలో ఓడిపోయాడు', 'హ్యారీ ఓడించాడు' నిస్సందేహంగా రాయవచ్చు.

చావు సంగతి చెప్పాలంటే 'తన శాపం తనకే తగిలి చచ్చాడు' అనడం మేలు. తగిలింది శాపం, చచ్చింది వోల్డెమార్ట్. క్త్వార్థకానికీ ('తగిలి' లాంటి అసమాపక క్రియకు) ప్రధాన క్రియకూ కర్త ఒకటే ఉండొద్దా అని ఎవరైనా పట్టుకోవచ్చు. సంస్కృతంలో ఆ నియమం గట్టిది. మనవాళ్ళు మాత్రం 'పాము కరిచి చచ్చాడు', 'పిడుగు పడి చెట్టు కాలిపోయింది', 'వానలు లేక పంట ఎండిపోయింది' అని హాయిగా అంటారు. మొదటి క్రియ కారణాన్ని చెబుతున్నప్పుడు కర్త మారినా తెలుగుకు అభ్యంతరం లేదు. పాము చేత కరవబడి చచ్చినవాణ్ణి నేనైతే పుస్తకాల్లో తప్ప చూడలేదు.

'చచ్చాడు' మరీ మోటుగా లేదా అంటారేమో. అంతటి దుర్మార్గుడికి ఆ మాటే తగును. 'కన్నుమూశారు' లాంటివి హ్యారీ గురువు డంబుల్‌డోర్‌కి దాచండి. 'బూడిదయ్యాడు' అని మాత్రం రాయనివ్వకండి. అది 2011 సినిమాలో సంగతి. పుస్తకంలో శవం మామూలు మనిషి శవంలాగే నేల మీద పడింది. దాన్ని మోసుకెళ్ళి, మిగతా మృతులకు దూరంగా వేరే గదిలో పెట్టారు.