వెంగమాంబను తల వంచి గీయకు

శ్రీకాళహస్తి

చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు వెంకన్న భక్తురాలు, కవయిత్రి తరిగొండ వెంగమాంబను కలంకారీలో వేస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పగలంతా ఎదురొచ్చిన వాళ్లందరికీ చెప్పుకున్నాను. రాత్రికి టెన్షన్ పట్టుకుంది. "ఆమె బాధంతా ముఖంలో చూపిస్తా" అన్నావట కదా, దానికే ఈ ఉత్తరం.

గుడ్డ సంగతి నీకు తెలిసిందే. కరక్కాయ నీళ్లలో పాలు తగ్గించకు, నల్లరంగు పాకుతుంది. చింతబొగ్గుతో ఎన్నిసార్లయినా దిద్దుకో.

మీ పెదనాన్న పోయిన ఏడాది నేనూ ఆమెను వేశాను. చిన్న వయసులోనే భర్త పోయిన మనిషి కదా అని తల వంచాను, పెదవులు కిందికి లాగాను, చెంప మీద మూడు కన్నీటి చుక్కలు పెట్టాను. వేస్తున్నంతసేపూ ఏడ్చాను. బాగా కుదిరిందనే అనుకున్నాను. వాయల్పాడు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ, కొందామని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "గుండు చేయించుకోనని అందర్నీ ఎదిరించిన మనిషి ఇట్లా తల వంచుకుంటుందా తల్లీ?" అని మడిచి నా ఒళ్లో పెట్టేసి పోయింది. వెంకటేశ్వర స్వామే నా భర్త అని బొట్టూ జుట్టూ నిలుపుకున్న ఆమెకు నా ఏడుపు అంటించాను. ఉతికాను, ఎండలో వేశాను. గుడ్డ వెలిసింది గానీ చుక్కలు పోలేదు. ఇప్పటికీ పెట్టెలోనే ఉంది.

ఆమెకు బాధ లేదని కాదమ్మా. ఊరి మాటలు పడింది, ఊరే వదిలి తిరుమల కొండెక్కింది, తుంబురు కోనలో తపస్సు చేసింది. అదంతా హారతి పళ్లెం పట్టుకున్న చేతిలో చూపించు. బొటనవేలు పళ్లెం అంచును గట్టిగా నొక్కి పట్టాలి. మెడ నిటారుగా ఉండాలి. కింది రెప్ప గీత ఒక్కటి కాస్త మందంగా లాగు, చాలు. తాళ్లపాక వారి లాలి, తరిగొండ వారి హారతి అంటారు మనవాళ్లు. 1817లో ఆమె పోయినా, రాత్రి స్వామిని నిద్రపుచ్చే ఏకాంత సేవలో ఆమె ముత్యాల హారతి ఇప్పటికీ ఇస్తున్నారు.

కోన చూడ్డానికి ఒక్కదానివే పోతానన్నావట, బుద్ధుందా? అది అడవి. ఫాల్గుణ పున్నమికి అక్కడ జరిగే తీర్థ ముక్కోటికి జనంతో పాటు పోదాం. మోకాళ్లు నొప్పులైనా నేనూ వస్తా.

నీ పెళ్లి సంబంధం తప్పిపోయి ఎన్నాళ్లో కాలేదు. ఆ పుండు ఇంకా పచ్చిగానే ఉందని నాకు తెలుసు. ఏడుపొస్తే గుడ్డ మీద వద్దు, నా దగ్గరికొచ్చి ఏడువు. ఆదివారం బస్సెక్కి రా. కలం తెచ్చుకో, దానికి రంగు పట్టే కొత్త ఉన్ని నేనే చుట్టిస్తా.

మీ పెద్దమ్మ